రాగ్నా కొండగది తెరవని ఆదివారం

రాగ్నా ఫ్లాటేన్ గురించి ఈ ఏడాది గ్రోవిక్‌లో చెలామణీ అయిన మాటల్లో అయిదింటిని నేను నా చెవులతో విన్నాను. అయిదూ తప్పే. మొదటిది, ఆమె ఇంజనీరు టోర్మోడ్‌ను వీపున వేసుకుని కొండ దింపిందని. టోర్మోడ్ తొంభై నాలుగు కిలోలు, ఆమె యాభై ఎనిమిది. ఈ మాట చెప్పిన ముగ్గురిలో ఒకరైనా ఆ లెక్క వేసి చూడలేదు. రెండవది, ఆమె గాజులా గడ్డకట్టిన కొండను ఒట్టి మేజోళ్ళతో ఎక్కిందని. మేజోళ్ళ మాట నిజం, ‘ఒట్టి’ అన్నది కల్పితం. మూడవది, ఇరవై ఆరు శీతాకాలాల్లో ఆమె ఒక్కసారి కూడా జారిపడలేదని. ఇది జిల్లా పత్రికలో ఫొటోతో సహా అచ్చయింది. పదకొండుసార్లు పడ్డానని ఆమే నాకు చెప్పింది. ఎక్కడ పడిందో, ఆనాడు కాళ్ళకు ఏమున్నాయో వరసగా అప్పగించింది. పదకొండోసారి ఇంటి మెట్ల మీద, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పులు.

నాలుగవది చర్చి గంట మోగించే ఆయన భార్య తన వంటింటి కిటికీలోంచి చూసి చెప్పినది. ఆ ఆదివారం మధ్యాహ్నం రాగ్నా, టోర్మోడ్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఒకరినొకరు ఆనుకుని అడవి బాట దిగుతున్నారట. ఆమె చూసింది నిజమే. చూసినదాని నుంచి తీసిన అర్థం మాత్రం తప్పు. అయిదవది మెచ్చుకోలుగా చెప్పేది, అందుకే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఆ ఆదివారం కూడా ఆమె యథాప్రకారం పన్నెండు లోపల కొండగది తెరిచిందని.

తెరవలేదు. ఆ సంగతి తేల్చవలసిన సభకు అధ్యక్షత వహించినవాణ్ణి కనుక జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

ఊరి వెనక ఉన్న హాట్టెన్ కొండ మీద మా నడకల సంఘానికి ఒక చెక్క గది ఉంది. ఒక ఇనప పొయ్యి, నాలుగు బల్లలు, ఎక్కినవాళ్ళు పేరు రాసుకునే పుస్తకం ఒకటి, అంతే. నవంబరు మొదటి ఆదివారం నుంచి ఈస్టరు దాకా ప్రతి ఆదివారం పగలు పన్నెండు లోపల ఆ గది తలుపు తెరుచుకోవాలి, పొయ్యి వెలగాలి, తాళంచెవి ఉన్న మనిషి సంతకం పుస్తకంలో పడాలి. ఒక్క ఆదివారం తప్పినా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది వార్షిక సభ ఓటుతో తేల్చాలి. ఈ నిబంధన నేనే రాశాను, నలభై ఏళ్ళ కిందట, అప్పటి తాళంచెవి మనిషి పెళ్ళి భోజనం తరవాత నిద్రపోయి, పైన పద్దెనిమిది మందిని చలిగాలిలో నిలబెట్టిన వారంలో. మినహాయింపులు ఏమైనా పెడదామా అని ఆనాడు ఎవరో అడిగారు. అక్కర్లేదన్నాను.

రాగ్నా చేతికి ఆ తాళంచెవి ఇరవై ఆరేళ్ళ కిందట వచ్చింది. అంతకు ముందు ఆమె మా ఫ్యోర్డు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటించే ఫెర్రీలో వంటమనిషి. ఇరవై రెండేళ్ళు ఆ ఓడలో చేపల పులుసు, బఠాణీ పులుసు వండి వడ్డించింది. వంటగదిలో నూనె పడిన పలకలు, బయట ఉప్పునీరు కారే ఇనప నేల, ప్రయాణికుల గదిలో తివాసీ. ఒక్కొక్క నేలకు ఆమె ఒక్కొక్క జత పెట్టుకుంది. గుమ్మం దగ్గర పులుసు గిన్నె కింద పెట్టి, జోడు మార్చి, మళ్ళీ గిన్నె ఎత్తేది. వడ్డన ఆలస్యమవుతోందని కెప్టెన్ రెండుసార్లు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. మూడోసారి చెయ్యలేదు. ఈలోగా రాగ్నా సెలవులో ఉన్న ఒక వారంలో, ఆమె బదులు వచ్చిన అతను పరుగున తెచ్చిన పులుసు కెప్టెన్ ఒళ్ళో పడింది.

తరవాత వంతెన వచ్చింది, ఫెర్రీ ఆగిపోయింది. ఆ వంతెన గీసిన రోడ్ల శాఖ బృందంలో అందరికన్నా చిన్నవాడు మన టోర్మోడ్ సోల్‌బాక్, అప్పుడు ముప్పై ఏళ్ళవాడు. ఈ సంగతి రాగ్నా మరిచిపోలేదు, అతన్ని మరిచిపోనివ్వనూ లేదు. రాగ్నా భర్త ఓలే అదే ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసి, తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. వారంలో ఆరు రోజులు ఆమె తన ఒక్కదాని కోసం వండుకుంటుంది. ఏడో రోజున ఆమె వండినది తినడానికి ఇరవై ముప్పై మంది కొండెక్కి వస్తారు. తాళంచెవి అంటే ఆమెకు ఏమిటో ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఆమెతో కలిసి కొండెక్కడానికి మాత్రం ఊళ్ళో ఎవరూ ముందుకు రారు. మామూలు మనిషి గంటా పావులో ఎక్కే కొండకు ఆమె రెండున్నర గంటలు తీసుకుంటుంది. నడక నెమ్మది కాదు, మార్పిడి ఎక్కువ. చర్చి నుంచి అడవి గేటు దాకా రోడ్డు, అక్కడ మున్సిపాలిటీ కంకరపొడి చల్లుతుంది. దానికి చిన్న మేకులు పొదిగిన రబ్బరు తొడుగులు. గేటు దాటితే బిర్చి చెట్ల అడవి. జనం తొక్కి తొక్కి గట్టిపడిన మంచు వానకు తడిసి గడ్డకట్టిన బాట అది. దానికి గొలుసు స్పైకులు, అంటే బూటు కింద గొలుసుతో బిగించే ఇనప ముళ్ళు. అడవి పైన ఊబి నేల, దాని మీద అరవై మీటర్ల చెక్క బాట. అక్కడ గొలుసులు విప్పేసి బూట్ల మీదుగా పెద్ద ఉన్ని మేజోళ్ళు తొడుగుతుంది. తడి ఉన్ని గడ్డకట్టిన చెక్కను పట్టుకుంటుంది, ఇనుము చెక్కను కొరుకుతుంది, సందుల్లో ఇరుక్కుంటుంది. ఆ పైన గుండ్రటి బోడి శిఖరం, మళ్ళీ గొలుసులు. కొత్త మంచు పడిన వారమైతే వీపు మీద, కాళ్ళు దిగబడకుండా తొడుక్కునే వెడల్పాటి మంచు చట్రాలు కూడా ఉంటాయి. మార్చే ప్రతి చోటా ఆమెకు ఒక రాయి ఉంది. రాతి మీద స్పాంజి చాప ముక్క పరిచి, కూర్చుని, అరకప్పు కాఫీ తాగి, తొడుగులు మార్చి లేస్తుంది. ఆమెను దాటి పరుగున పోయిన పడుచువాళ్ళు తరచుగా మరో గంటకు మోచేతులు రుద్దుకుంటూ ఎదురవుతారు. రాగ్నా అప్పుడు వాళ్ళను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది, కాళ్ళకేమున్నాయని.

టోర్మోడ్ పక్షం కూడా న్యాయంగా చెప్పాలి. అతను చెడ్డవాడు కాదు. మూడేళ్ళ కిందట కొండగది కమిటీకి పెద్దగా ఎన్నికై అన్నీ శ్రద్ధగా చేశాడు. రెండేళ్ళ కిందట శ్రమదానంలో ఊబి మీది పాత చెక్కలు తీసి కొత్తవి వేయించింది అతనే. టేపు పట్టుకుని దగ్గరుండి ప్రతి సందూ కొలిచాడు. గడిచిన శీతాకాలంలో మా మున్సిపాలిటీలో మణికట్లు విరగ్గొట్టుకున్నవాళ్ళు పద్నాలుగు మంది అన్న కాగితం సంపాదించి సభకు చూపించాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి ప్రతి ఆదివారం మంచులో ఆ కొండెక్కడం అతన్ని నిజంగానే కలవరపెట్టింది. దానికి అతను కనిపెట్టిన మందు అంకెల తాళం. ఫోనుకు అంకెలు వస్తాయి, ఎవరు ముందు ఎక్కితే వాళ్ళు నొక్కి తెరుచుకుంటారు, తాళంచెవి అక్కరలేదు, తాళంచెవి మనిషీ అక్కరలేదు. మార్చి సభకు ఆ ప్రతిపాదన ఏడో అంశంగా చేరింది.

“మొదట నా ఫెర్రీ తీసేశావు,” అని రాగ్నా అతన్ని కొట్లో అందరి ముందూ అడిగింది. “ఇప్పుడు తాళంచెవా?”

వంతెన తను ఒక్కడే కట్టలేదని టోర్మోడ్ చెప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే చెబుతున్నాడు.

టోర్మోడ్ గురించి ఇంకొక్క విషయం. అతనింటి వసారాలో నాలుగేళ్ళుగా, బూట్ల కింద బిగించే ఒక జత పెద్ద ఉక్కు పంజాలు వేలాడుతుండేవి. ఒక్కొక్క కాలికి పన్నెండు కోరలు, ముందుకు పొడుచుకొచ్చినవి రెండు. ఆల్ప్స్ యాత్రకని కొన్నాడు, యాత్ర రద్దయింది. వాటికి తగిన మంచు ఎప్పుడు పడుతుందా అని అతను ఎదురుచూస్తున్నాడని భార్య విగ్డిస్ మా ఇంట్లో ఒకసారి అన్నది. ఆ నిరీక్షణ అతని తీర్పును ఎంతవరకు ప్రభావితం చేసిందో చెప్పలేను. ఏమీ చెయ్యలేదని మాత్రం అనలేను.

ఫిబ్రవరి రెండో శుక్రవారం వాన పడింది. శనివారం ఉష్ణోగ్రత సున్నాకు తొమ్మిది డిగ్రీలు కిందికి పోయింది. మున్సిపాలిటీ దగ్గర కంకరపొడి అయిపోయింది. పాస్టరు చర్చి గేటు దగ్గర జారి కాలవలో పడి, మర్నాటి ప్రార్థన రద్దు చేశాడు. ఆ సాయంత్రం టోర్మోడ్ రాగ్నాకు ఫోను చేశాడు.

“రేపు వెళ్ళకండి రాగ్నా గారూ. రోడ్డంతా అద్దంలా ఉంది. పాస్టరు గారే పడ్డారు.”

“ఆయన కాళ్ళకేమున్నాయి?”

“ఇప్పుడు అదా అడగాల్సింది?”

“అదే అడగాల్సింది. ఏమున్నాయి?”

“తోలు బూట్లనుకుంటా.”

“మరి పడడా?” అని ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు ఉదయం టోర్మోడ్ పంజాలు తొడుక్కుని బయల్దేరాడు. ఎందుకు వెళ్ళాడన్నదానికి అతను సభలో రెండు కారణాలు చెప్పాడు. ఆమెకు ఏమైనా అయితే దగ్గరుండాలని ఒకటి. ఆమె రాలేకపోతే, గది తెరుచుకోలేదని కళ్ళారా చూసి సభకు చెప్పాలని రెండోది. రెండూ నిజమేనని, వాటి పాళ్ళు తనకే తెలియవని కూడా ఒప్పుకున్నాడు. అడవి బాటలో పంజాలు అద్భుతంగా పనిచేశాయట. గడ్డకట్టిన వాలులో మేడ మెట్లెక్కినట్టు ఎక్కాడట. ఆ ఊపులోనే పది దాటి పావు కాకముందే చెక్క బాట మీదికి వచ్చాడు. వాన తరవాత ఊబి మీది మంచు పొర పలచన కనుక చెక్కలు వదిలి పక్కకు దిగే వీల్లేదు. బాట సగంలో ఎడమ కాలి ముందు కోరలు రెండు చెక్కల మధ్య సందులోకి దిగాయి. కాలు మెలితిప్పాడు. కోరలు చెక్క కిందికి వెళ్ళి కొక్కెంలా పట్టుకున్నాయి. కింది నీళ్ళు ఎగజిమ్మి పంజా పట్టీ మీద, దాన్ని బిగించే బిళ్ళ మీద, బూటు తాళ్ళ మీద పడ్డాయి. అతను వంగి చూసేలోపు అవన్నీ గడ్డకట్టాయి.

రాగ్నా తన వేళకు, పదకొండుకు అయిదు నిమిషాలుండగా, అడవి దాటి వచ్చింది. ఈ వేళను నేను ఆమె మాట మీదే నమ్మలేదు. గేటు దగ్గర ఆమెను చూసినవాళ్ళున్నారు, అక్కడి నుంచి ఆమెకు పట్టే వ్యవధి ఊరందరికీ తెలుసు. చెక్క బాట నడుమ ఇంజనీరు నిలబడి ఉన్నాడు.

“ఏమయ్యా ఇంజనీరూ, అక్కడ నిలబడ్డావేం?”

“ఊరికే. చుట్టూ చూస్తున్నా.”

“ఎంతసేపటి నుంచి?”

“ఓ నలభై నిమిషాలు.”

“బాగుంది. చూడు,” అని రాగ్నా తన రాతి మీద చాప ముక్క పరిచి కూర్చుంది. గొలుసులు విప్పింది. అరకప్పు కాఫీ తాగింది. బూట్ల మీదుగా ఓలే మేజోళ్ళు లాక్కుంది. ఓలేది నలభై ఆరో నంబరు పాదం, ఆ మేజోళ్ళు ఎంత బూటునైనా మింగుతాయి. వాటిని ఆమె ఇంకా వాడుతున్నది అందుకేనని అంటుంది. తరవాత తాపీగా నడిచి అతని దగ్గరికి వచ్చి వంగి చూసింది.

“ఈ సందు ఎంతుంటుంది?”

“రెండు సెంటీమీటర్లు.”

“అంత పెట్టమన్నదెవరు?”

టోర్మోడ్ శిఖరం వైపు చూశాడు. “నీళ్ళు దిగాలి కదా,” అన్నాడు.

“దిగాయి. నువ్వూ దిగావు.”

అక్కడి నుంచి కొండగదికి రాగ్నా నడకన నలభై నిమిషాలు, తొడుగుల మార్పిడితో సహా. అంటే పదకొండూ ఇరవైకి ఆమె కదలాలి. పక్క నుంచి వెళ్ళడానికి చెక్కల మీద చోటుంది. ఈ లెక్క ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. ముందు నోరు విప్పింది అతనే. అది అతని ఖాతాలో వెయ్యాలి.

“మీరు వెళ్ళండి. గది తెరిచి, తీరిగ్గా రండి. ఇంకా వేళ ఉంది.”

“కాలి వేళ్ళు తెలుస్తున్నాయా?”

“ఏ వేళ్ళు?”

“అయితే వెళ్ళను,” అని ఆమె సంచీ దించింది.

సంచీలో మూడు వస్తువులు పనికొచ్చేలా కనిపించాయి. ఒక సీసాలో అట్లలా కాల్చే వాఫెల్ పిండి, ఒక పొట్లంలో వెన్న, ఒక థర్మాసులో కాఫీ. పిండిని వెంటనే తోసిపుచ్చింది. వెన్నను కోరల చుట్టూ, సందులో, వేలితో దట్టించింది. అది ఏ ఉపయోగమూ చెయ్యలేదని ఇద్దరూ ఏకగ్రీవంగా చెప్పారు. ఇక కాఫీ మిగిలింది.

“తాగుతావా, కాలికి పొయ్యనా?”

“సగం సగం కుదరదా?”

“ఒక్క థర్మాసే ఉంది.”

“కాలికే పొయ్యండి,” అన్నాడు టోర్మోడ్. ఆ క్షణంలో అతని ముఖం చూడవలసిందేనని రాగ్నా నాతో అన్నది. ఆమె కాఫీ ఊళ్ళో అందరికన్నా చిక్కన, వాసన అంతదూరం వస్తుంది, అతను అప్పటికి గంటసేపుగా చలిలో ఉన్నాడు.

ఆమె ధారగా, పొదుపుగా, బిళ్ళ మీద పోసింది. పోసినది మళ్ళీ గడ్డకట్టేలోపు లాగాలి. రెండుసార్లు తప్పిపోయింది. మూడోసారి బిళ్ళ ఊడింది, పట్టీ వదిలింది, బూటుతో సహా కాలు పైకి వచ్చింది. పంజా మాత్రం అక్కడే ఉండిపోయింది. మంచు కరిగే దాకా, అంటే ఏప్రిల్ మూడో వారం దాకా, అది ఆ సందులోనే ఉంది. నేను వెళ్ళి స్వయంగా చూశాను, చుట్టూ గోధుమరంగు మరక కూడా. వెన్నను కాకులు తినేశాయి.

కాలు ఊడేసరికి పదకొండూ ఇరవై అయిదు. రాగ్నా గడియారం చూసుకుని, లోపల పెట్టుకుంది. ఎక్కితే ఇక అయిదు నిమిషాలు ఆలస్యమే. పైగా కిందికి వెళ్ళవలసిన మనిషికి ఒక కాలికి పన్నెండు కోరలు, ఇంకో కాలికి నున్నటి అడుగు. అలాంటివాడు ఆ వాలులో ఎన్ని అడుగులు వేస్తాడో ఆమెకు తెలుసు. ఆ రెండో పంజా విప్పించి, తన కాళ్ళ మీది ఓలే మేజోళ్ళు ఊడదీసి అతని బూట్లకు తొడిగింది. గొలుసు స్పైకులు ఇద్దామంటే ఆమెది ముప్పై ఎనిమిదో నంబరు. ఇప్పుడు మేజోళ్ళు లేనిది ఆమెకు. ఇనుముతో చెక్క బాట మీద నడవడం ఆమె ఇరవై ఆరేళ్ళలో చెయ్యలేదు, ఆనాడూ చెయ్యనన్నది. చాప ముక్క చెక్కల మీద పరిచి దాని మీద కూర్చుంది. చేతికర్ర ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస అతనికి ఇచ్చింది. టోర్మోడ్ ముప్పై మీటర్లు ఆమెను లాగాడు.

కాబట్టి ఎవరు ఎవరిని మోశారన్న ప్రశ్నకు, సాక్ష్యం ఉన్నంతవరకు జవాబు ఊరు చెప్పుకునేదానికి తలకిందులు.

అడవి బాటలో ఆమె గొలుసులతో, అతను మేజోళ్ళతో దిగారు. వాలు ఎక్కువైన చోట మేజోళ్ళు చాలవు, అందుకని చెయ్యి పట్టుకున్నారు. చర్చి గంట మోగించే ఆయన భార్య చూసింది ఇదే. దారిలో ఒకచోట రాగ్నా గడియారం తీసి, “పన్నెండైంది,” అన్నది. సభలో తానే అంతా చెబుతానని టోర్మోడ్ మాటిచ్చాడు.

“ఏం చెబుతావు? నేను పైకి వెళ్ళలేదు. అంతే కదా. మేజోళ్ళు ఉతికి పంపించు. వేణ్ణీళ్ళలో వెయ్యకు, కుంచించుకుపోతాయి.”

తరవాతి ఆదివారం ఆమె కొండెక్కి, పుస్తకంలో కిందటి వారం గడిలో ‘తెరవలేదు’ అని రాసి సంతకం పెట్టింది. సభకు ఇంకా ఉన్న మూడు వారాలూ టోర్మోడ్ జరిగినది ఎవరికీ చెప్పలేదు. రోజూ చెబుదామనుకుని, రోజూ రేపటికి వాయిదా వేశాడని విగ్డిస్ అంటుంది. ఈలోపల పుస్తకం చూసినవాళ్ళు కొందరు రాగ్నా భయపడి ఇంట్లో కూర్చుందన్నారు. అలా అన్నందుకు ఆమె పక్షంవాళ్ళు పుస్తకంలో ఎవరో దొంగరాత రాశారన్నారు. అడిగితే రాగ్నా ‘వెళ్ళలేదు’ అనేది.

గుట్టు బయటపెట్టినవి మేజోళ్ళు. టోర్మోడ్ వాటిని చల్లనీళ్ళలోనే ఉతికాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఉతికి, బుద్ధిమంతుడిలా, ఎండ బాగా తగిలే చోట, వీధి వైపు తీగ మీద ఆరేశాడు. మా ఊళ్ళో ఎవరి అల్లిక ఎవరిదో ఆడవాళ్ళు దూరం నుంచే చెబుతారు. బూడిదరంగు మేజోడు, పైన రెండు ఎర్ర పట్టీలు, ఊలు చాలక ఒక మడమ మాత్రం ఆకుపచ్చ. మధ్యాహ్నానికల్లా ఆ వీధిలో పని లేని ఏడుగురు ఆడవాళ్ళకు పని పడింది. పోయిన ఓలే మేజోళ్ళు టోర్మోడ్ ఇంటి తీగ మీదికి ఎలా వచ్చాయన్న ప్రశ్నకు ఎవరికి తోచిన జవాబు వాళ్ళు కట్టుకున్నారు. నేను మొదట చెప్పిన అయిదింటిలో నాలుగు ఆ మధ్యాహ్నమే పుట్టాయి.

మార్చి సభ బడి హాల్లో జరిగింది. నలభై ముగ్గురు వచ్చారు. మామూలుగా పదిహేను మంది వస్తే గొప్ప. ఏడో అంశం రాగానే టోర్మోడ్ లేచి, అంకెల తాళం సంగతికి ముందు ఒక మాట చెప్పాలన్నాడు. ఆ ఆదివారం జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. సందు కొలతను కూడా దాచలేదు. అధ్యక్షుడిగా నాకు ఒక అనుమానం మిగిలింది.

“ఫోను లేదా నీ దగ్గర?” అని అడిగాను.

“ఉంది.”

“సిగ్నల్ రాదా అక్కడ?”

“బాగా వస్తుంది.”

“బ్యాటరీ?”

“అరవై ఒక్క శాతం ఉంది.”

“మరి నలభై నిమిషాలు ఎందుకు నిలబడ్డావు?”

టోర్మోడ్ టోపీ చేతిలో తిప్పాడు. “రక్షక దళానికి చేస్తే మా బావమరిది వస్తాడండీ.”

సభలో ఎవరూ నవ్వలేదు. అది చాలిన కారణమేనని నలభై ముగ్గురికీ తోచిందని నా నమ్మకం. ఆ బావమరిది మూడో వరసలోనే కూర్చుని ఉన్నాడు. అతనూ తల ఊపాడు.

రాగ్నాను చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడిగాను.

“ఏముంది. గది తెరవలేదు. పుస్తకంలో రాశాను.”

“ఎందుకు తెరవలేదో రాయలేదు.”

“ఆ గడిలో అంత చోటు లేదు.”

వెనక నుంచి కొందరు ఈ ఒక్కసారికి తెరిచినట్టే భావించుదామన్నారు. మనిషిని కాపాడింది కనుక శిఖరం చేరినట్టే లెక్క అని ఒకరు గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. మనిషి కాలు వేరు, గది తలుపు వేరు. మంచి పని చేసినంత మాత్రాన చెయ్యని పని చేసినట్టు కాదు. తెరవలేదని రాసుకోవాలని, నిబంధన ప్రకారం తాళంచెవి ఓటుకు పెట్టాలని తీర్పు చెప్పాను. హాల్లో నా మీద గొణుగుడు వినిపించింది. రాగ్నా ఒక్కతే నా వైపు చూసి సరేనన్నట్టు తల పంకించింది. తాళంచెవిని మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర ఊలు తాడుకు కట్టిన తాళంచెవి అది. దాన్ని అలా ఒంటరిగా బల్ల మీద చూడడం నాకు ఇష్టం లేకపోయింది, కాని నా ఇష్టం అక్కడ ప్రసక్తం కాదు.

టోర్మోడ్ అంకెల తాళం ప్రతిపాదన ఉపసంహరించుకున్నాడు. దాని బదులు చెక్కల సందులు తగ్గించాలని కొత్త ప్రతిపాదన పెట్టాడు. ఎంతకని అడిగితే కొలిచి చెబుతానన్నాడు. ఇక తాళంచెవి రాగ్నా దగ్గరే ఉండాలన్నవాళ్ళు చెయ్యెత్తమన్నాను. నలభై రెండు చేతులు లేచాయి, టోర్మోడ్‌వి రెండూ లేస్తే ఒకటే లెక్కపెట్టాను. వ్యతిరేకం ఎవరన్నాను. ఒక చెయ్యి లేచింది. రాగ్నాది.

“కారణం చెప్పాలా?” అన్నది.

“అక్కర్లేదు. చెప్పాలనుంటే చెప్పు.”

“తెరవనివాళ్ళకి తాళంచెవి ఇవ్వకూడదు. ఎవరైనా సరే.”

“నలభై రెండు మంది ఇవ్వాలంటున్నారు.”

“మరేం చేస్తాం, ఓడిపోయాను,” అని ఆమె లేచి వచ్చి, తాళంచెవి తీసి మెడలో వేసుకుని, మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. తరవాతి అంశం కంకరపొడి.

ఆమె మీద ఇప్పుడు అల్లుతున్న గొప్పలన్నీ పక్కనపెట్టి రికార్డు కోసం చెబుతున్నాను. ఫిబ్రవరి రెండో ఆదివారం రాగ్నా ఫ్లాటేన్ హాట్టెన్ శిఖరం చేరలేదు, కొండగది తెరవలేదు. చెక్క బాట సగం దాకా వెళ్ళింది. ఉన్న ఒక్క థర్మాసు కాఫీని ఒక బిళ్ళ మీద పోసింది. తన మేజోళ్ళు ఇంకొకరి బూట్లకు తొడిగింది. ఆ చెక్కల మీద తిరుగు ప్రయాణం కూర్చుని చేసింది. తెరవలేదన్న సంగతి తన చేత్తోనే పుస్తకంలో రాసింది. ఆమె చేసింది ఇంతే.